పేరు లేని రెండో భార్య

భర్త ఇంట్లో ఆమెకు అది మొదటి ఉదయం. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, సముద్రం ఒడ్డున తరతరాలుగా నిలిచిన దివాణం. పేరు మాండర్లే. నౌకర్లు చూపించిన గదిలోకి వెళ్లి రాతబల్ల ముందు కూచుంది. బల్ల అరలకు చీటీలు అతికించి ఉన్నాయి: జవాబు రాయాల్సిన ఉత్తరాలు, దాచుకోవాల్సినవి, ఇంటి వ్యవహారాలు, భోజనాల పట్టీలు. ఆ చేతిరాత భర్త మొదటి భార్యది. సముద్రంలో పోయిన మనిషిది. అంతలో ఫోన్ మోగింది. ఎత్తితే మిసెస్ డి వింటర్ కోసం అడుగుతున్నారు. మీరు పొరబడ్డారు, ఆవిడ చనిపోయి ఏడాది దాటింది అని చెప్పేసింది. ఆ తరవాత తెలిసింది, ఫోన్ చేసింది అదే ఇంట్లో పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ అని, అడిగింది తన కోసమేనని.

డాఫ్నే డ్యూ మోరియే 1938లో ప్రచురించిన ‘రెబెకా’ నవలలో ఈ ఘట్టం పట్టుమని ఒక పేజీ ఉండదు. సస్పెన్స్ రాయాలనుకునే వాళ్లకు నేనైతే ముందు ఈ పేజీ చదవమని ఇస్తాను. అందులో అర్ధరాత్రి లేదు, ఉరుము లేదు, కిర్రుమనే తలుపు లేదు. పొద్దుటి పూట, వంట ఏం చేయించమంటారని అడగడానికి వచ్చిన ఫోన్ అది. అయినా చదువుతుంటే అరచేతులు చల్లబడతాయి. ఆ అమ్మాయికి ఈ ఇంట్లో దక్కింది మిసెస్ డి వింటర్ అన్న పిలుపు ఒక్కటే. అది కూడా చనిపోయినావిడదేనని తన నోటితో తనే ఒప్పుకుంది. కాసేపటికి భోజనాల పట్టీ చూస్తుంది. అందులో ఒకచోట ఖాళీ వదిలి ఉంటుంది, ఏ సాస్ కావాలో చెప్పమని. సాసుల విషయంలో మిసెస్ డి వింటర్‌కు పట్టింపు ఎక్కువని డాన్వర్స్ అంటుంది. అయితే ఆవిడ ఏది చెప్పేవారో అదే చేయించండి అంటుంది కొత్త యజమానురాలు.

డ్యూ మోరియే 1907లో లండన్‌లో పుట్టింది. తండ్రి జెరాల్డ్ పేరున్న రంగస్థల నటుడు, తాత జార్జ్ ‘ట్రిల్బీ’ నవలా రచయిత. 1932లో ఒక సైనికాధికారిని పెళ్లి చేసుకుంది. 1937లో భర్త ఉద్యోగరీత్యా ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉన్నప్పుడు ‘రెబెకా’ మొదలుపెట్టింది. ఆ ఎండకీ, అధికారుల భార్యల విందులకీ ఆమెకు ఊపిరాడలేదు. మనసంతా కార్న్‌వాల్ తీరంలోని వాన మీద, చెట్ల మధ్య దాక్కున్న మెనబిలీ అనే పాత భవంతి మీద ఉంది. భర్తకు తనకన్నా ముందు ఇంకొకామెతో పెళ్లి నిశ్చయమై తప్పిపోయింది. ఆ సంగతి ఆమెను లోపల గుచ్చుతూనే ఉండేది. మొదట రాసిన పదిహేను వేల మాటలూ నచ్చక చించేసి మళ్లీ మొదలెట్టింది. ఇంటి మీది బెంగ మాండర్లే అయింది, అసూయ రెబెకా అయింది. పుస్తకంలోని ప్రతి పొదకీ ప్రతి గదికీ వాసన అంటి ఉండటానికి కారణం ఆ దూరమేనని నేను నమ్ముతాను. దగ్గరుండి చూస్తూ రాసిన వర్ణనలో ఆ ఆకలి ఉండదు.

కథ చెప్పే ఆ రెండో భార్యకు నవలంతా వెతికినా పేరు దొరకదు. రచయిత్రికి మొదట తగిన పేరు తట్టలేదట. తరవాత పేరే లేకుండా చివరిదాకా నడపగలనా అన్నది పనితనానికి పరీక్షగా తీసుకుంది. పెళ్లికి ముందు మాంటీ కార్లోలో, ఆమెకు భర్త కాబోయే మాక్సిమ్ మొదటిసారి చీటీ రాసినప్పుడు కవరు మీద పేరు తప్పు లేకుండా రాస్తాడు, అదే వింత అంటుంది ఆమె. అందమైన, అరుదైన పేరు అని అతను మెచ్చుకుంటాడు కూడా. అంటే పేరు ఉంది, అపురూపమైనది, అందరూ తప్పు రాసేది. మనకు మాత్రం చెప్పరు. పేరును మరుగుపరచడం వేరు, మరుగుపరిచానని గుర్తుచేస్తూ ఊరించడం వేరు. రెండోది చేయడానికి చాలా ధైర్యం కావాలి. ఆ అమ్మాయి పేరేమిటని పాఠకులు దశాబ్దాల పాటు రచయిత్రికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. లేని పేరు కోసం అంతమంది తపించారంటే, పేరుతో పుట్టిన ఎన్నో పాత్రలకు దక్కని ప్రాణం ఆ పిల్లకు దక్కిందన్నమాట.

పేరు ఉన్న రెబెకా ఏమో నవలలో ఒక్కసారి కూడా ప్రాణంతో కనిపించదు. ఆమెను రచయిత్రి వస్తువులతో కట్టింది. కవితల పుస్తకం మొదటి పేజీలో, మిగతా అక్షరాలను తోసుకుని ముందుకు దూకే ఆర్ అక్షరం. ఆ పేజీని కత్తిరించి కాలిస్తే చివరిదాకా కాలకుండా మిగిలేదీ ఆ అక్షరమే. వానకోటు జేబులో నలిగిన రుమాలు, దాని మీద పెదవుల రంగు, ఆరీ ఆరని పూలవాసన. ఆ కోటును ఈ అమ్మాయే వేసుకుని నడుస్తోంది, అది తనకు పొడుగై కాళ్లకు తగులుతోంది. ఇంకెవరైనా అయితే గోడకు పెద్ద పటం వేలాడదీసి ఊరుకునేవారు. ఈమె రుమాలు తీసి జేబులో పెట్టింది.

తరవాత మాటలతో కట్టింది. ఆడపడుచు బియాట్రిస్ ఒక ముక్క అంటుంది, ఎస్టేటు వ్యవహారాలు చూసే ఫ్రాంక్ ఒక ముక్క, చూడ్డానికి వచ్చిన బిషప్ భార్య ఒక ముక్క. కళ్లు సరిగా కనపడని మాక్సిమ్ ముసలి నాయనమ్మ మధ్యాహ్నం టీ దగ్గర ఉన్నట్టుండి నాకు రెబెకా కావాలని చంటిపిల్లలా మారాం చేస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఇవన్నీ పొగడ్తలుగానే వినిపిస్తాయి. రెండోసారి చదివితే, అందం గురించీ తెలివి గురించీ అన్నవాళ్లలో ఫ్రాంక్‌లాంటి మంచివాడు ఆవిడ మంచితనం గురించి మాత్రం ఎందుకు అనలేదని తోస్తుంది. మాక్సిమ్ మౌనం మొదటి చదువులో దుఃఖం, రెండో చదువులో మరొకటి. ఒకే వాక్యాన్ని రెండు కథలకు సరిపోయేలా చెక్కడం మామూలు పని కాదు. వందల పేజీల పాటు ఎక్కడా అతుకు కనపడకుండా చేసింది.

ఈ పనంతా సాగడానికి కారణం ఆ అమ్మాయికున్న ఒక అలవాటు. ఎవరూ అనని మాటలు ఊహించుకోవడం. వంటింట్లో నౌకర్లు తన గురించి ఏమనుకుంటున్నారో, దారిలో ఎదురైనవాళ్లు ఇంటికెళ్లి ఏం చెప్పుకుంటారో సంభాషణలతో సహా అల్లుకుంటుంది. కొత్తగా కాపురానికి వెళ్లిన పిల్లలెవరైనా ఈ పేజీలు చదివి ఉలిక్కిపడతారు. రెబెకా దెయ్యం మాండర్లేలో ఎక్కడా తిరగలేదు, ఈ పిల్ల బుర్రలో తిరిగింది. మన పల్లెల్లో కొన్ని కుటుంబాల్లో రెండో భార్య మెడలో, పోయిన మొదటి భార్య పేరున చిన్న బంగారు బిళ్ల కట్టే ఆచారం ఉండేది. చీర పెట్టినా పసుపు పెట్టినా ముందు ఆ బిళ్లకు చూపించేవారు. పోయినావిడ ఇంట్లోనే ఉందని మన వాళ్లు బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ ఇంగ్లిషు దివాణంలో ఒప్పుకోలేదు, అందుకే ఆ పిల్లకు ఊపిరాడలేదు అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు రహస్యం దగ్గరికి రావాలి. ఎనభై ఏళ్లు దాటిన పుస్తకం కాబట్టి చెప్పేస్తున్నాను. మంచులో దారితప్పిన ఓడ ఒకటి తీరానికి కొట్టుకుంటుంది. దాని అడుగు చూడ్డానికి దిగిన ఈతగాడికి రెబెకా పడవ, అందులో ఒక శవం కనిపిస్తాయి. ఆ రోజే మాక్సిమ్ నిజం చెబుతాడు. రెబెకాను తను ప్రేమించలేదు, అసహ్యించుకున్నాడు, కాల్చి చంపాడు. వింటున్న భార్యకు ఏమనిపించాలి? ఆమె గుండె తేలికపడుతుంది. ఆయన ఆవిడను ప్రేమించనేలేదు! ఆమెకు వినిపించింది అదొక్కటే. చదువుతున్న మనకూ అంతే. ముందున్నది హంతకుడన్న సంగతి పక్కకు జరిపి, ఈ జంట పట్టుబడకుండా చూడు దేవుడా అని ఆ క్షణం నుంచి మొక్కుకుంటాం. మొదటిసారి చదివినప్పుడు నేను దీన్ని గమనించనే లేదు. గమనించిన రోజు పుస్తకం మూసి కాసేపు అలా కూచుండిపోయాను.

మర్నాడు పొద్దున అదే గదికి మళ్లీ భోజనాల పట్టీ వస్తుంది. అంతా అంతకుముందు ఇంట్లో జరిగిన విందులో మిగిలిన చల్లని పదార్థాలే. ఆమె గీత కొట్టేసి వేడిగా ఏదైనా చేయించమని నౌకరుతో చెప్పి పంపుతుంది. డాన్వర్స్ వచ్చి, నౌకర్లతో కబురు పంపడం ఇక్కడ అలవాటు లేదు, ఏదైనా మార్చాలంటే మిసెస్ డి వింటర్ స్వయంగా నాకు ఫోన్ చేసేవారు అంటుంది. ఆవిడ ఏం చేసేవారో నాకు అక్కర్లేదు, ఇప్పుడు మిసెస్ డి వింటర్‌ని నేనే అంటుంది ఈ అమ్మాయి. మొదటి రోజు చేజారిన పిలుపును, అదే గదిలో, అదే పట్టీ మీద, అదే ఫోన్ ప్రస్తావన వచ్చినప్పుడు తిరిగి తీసుకుంది. భర్త చేసిన హత్యను దాచడంలో భాగస్వామి అయిన మర్నాడే ఆమె ఇంటి యజమానురాలైంది. రచయిత్రి దీని మీద ఒక్క వ్యాఖ్య చేయదు. మొదటిసారి చదివేటప్పుడు ఇక్కడ చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది.

1940లో హిచ్‌కాక్ ఈ నవలతో తీసిన సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అప్పటి హాలీవుడ్ నియమావళి ప్రకారం భార్యను చంపిన హీరో శిక్ష లేకుండా బతికిపోవడానికి వీల్లేదు కాబట్టి అందులో రెబెకా పడిపోయి, తలకు దెబ్బ తగిలి పోతుంది. సినిమా గొప్పదే, కానీ ప్రేక్షకుడి చేతికి రక్తం అంటదు. మన దగ్గర 1964లో ఇదే కథను హిందీలో ‘కోహ్రా’గా తీశారు. ‘రోజులు మారాయి’లో మన వాళ్లు మొదటిసారి చూసిన వహీదా రెహమాన్ అందులో కొత్త పెళ్లికూతురు.

‘రెబెకా’ను ప్రేమకథగా అమ్మారు, ప్రేమకథగానే కొన్నారు. రచయిత్రికి అది బాధగా ఉండేది. తను రాసింది అసూయ గురించి అని ఆమె ఉద్దేశం. విమర్శకుల్లో చాలామంది దాన్ని ఆడవాళ్ల కాలక్షేపం కిందకి నెట్టేశారు. పాఠకులు మాత్రం వదల్లేదు. పుస్తకం ఇన్నేళ్లలో ఎప్పుడూ అచ్చులో లేకుండా పోలేదు. 2017లో బ్రిటన్‌లోని డబ్ల్యూ.హెచ్. స్మిత్ పుస్తక దుకాణాలు గత 225 ఏళ్లలో మీకు అన్నిటికన్నా నచ్చిన పుస్తకం ఏదని అడిగితే గెలిచింది ఇదే.

1951లో వచ్చిన ‘మై కజిన్ రేచల్’లో ఆమె ఇంకో మెట్టు ఎక్కింది. ఈసారి కథ చెప్పేవాడు ఫిలిప్ అనే యువకుడు. తనను పెంచిన, అన్న వరసైన బంధువు ఇటలీలో రేచల్‌ను పెళ్లాడి, ఆమె మీద అనుమానంతో ఉత్తరాలు రాసి చనిపోయాడు. ఆమెను ద్వేషించాలని సిద్ధపడ్డ ఫిలిప్, ఆమె వచ్చాక వెర్రిగా ప్రేమిస్తాడు. ఆస్తి రాసిస్తాడు. తరవాత జబ్బుపడతాడు, ఆమె సొరుగులో విషపు గింజలు దొరుకుతాయి. ఆమె విషం పెట్టిందా లేదా? చివరి పేజీ అయిపోతుంది, జవాబు రాదు. ఇంట్లో ఇద్దరు చదివితే రెండు పార్టీలు ఖాయం. రేచల్‌ను మనం చూసేదంతా, ఆమెను సొంతం చేసుకోవాలనుకున్న ఒక కుర్రాడి కళ్లతోనే. అతని కళ్లను ఎంత నమ్మాలో తేల్చుకోవాల్సింది మనమే. నవల మొదలైన వాక్యంతోనే ముగుస్తుంది. మొదట ఊరి పాత ముచ్చటలా విన్న మాట, చివర అతని మెడకు ఉచ్చులా బిగుసుకుంటుంది.

మళ్లీ ‘రెబెకా’కే వస్తాను. దాని చివరి పేజీలో భార్యాభర్తలిద్దరూ కారులో ఇంటికి వస్తుంటే ఆకాశం ఎర్రబడుతుంది. తెల్లవారే వేళ కాదు, తూర్పు దిక్కు కాదు. మాండర్లే తగలబడుతోంది. కథ అక్కడ ఆగిపోతుంది. ఆ తరవాత వాళ్లేమయ్యారో తెలియాలంటే పుస్తకం తిరగేసి మొదటి అధ్యాయాలకు వెళ్లాలి, అక్కడ ముందే చెప్పేసింది. పరాయి దేశంలో ఏదో చిన్న హోటలు. పాత ఇంగ్లిషు పత్రికల్లోంచి క్రికెట్ కబుర్లు ఆమె చదివి వినిపిస్తుంటే అతను వింటాడు. అతనికి ఇల్లు గుర్తొచ్చేవేవైనా తగిలితే వాటిని దాటేసి, తనలోనే దాచుకుంటుంది. కథ మొదట్లో ఇదే అమ్మాయి మాంటీ కార్లో హోటల్లో మిసెస్ వాన్ హాపర్ అనే డబ్బున్నావిడకు ఏడాదికి 90 పౌన్ల జీతానికి తోడుగా ఉండి, ఆవిడ చెప్పిన పనల్లా చేసేది. ఇప్పుడు భర్తకు తోడుగా ఉంది, మళ్లీ హోటల్లోనే.