కోర్టుకి ఏం కట్టుకోవాలి?

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పనిచేసే ఆమె సమన్ల కాగితం పట్టుకుని వచ్చింది. వీధిలో జరిగిన కొట్లాట కేసులో సాక్షి. కాగితంలో ఏముందని అడగలేదు. "అమ్మా, కోర్టుకి ఏం కట్టుకుని వెళ్లాలి?" అంది. ఉన్నవాటిలో మంచి చీర ఇస్త్రీ చేయించుకోమన్నాను. తోడుగా నేనూ వస్తానన్నాను.

మర్నాడు పదిన్నరకల్లా కోర్టు వరండాలో ఉన్నాం. మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సు ప్యాంటుతో ఒక కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. పెళ్లికీ చావుకీ, బడికీ గుడికీ దేనికి తగ్గ బట్ట దానికి ఉండాలన్న నా పట్టింపు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. కోర్టుకు వచ్చేవాళ్లకూ ఒక పద్ధతి పెట్టాలని ఈ వారం రాద్దామని అక్కడే అనుకున్నాను.

అంతలో చూస్తే మా ఆమె పక్కన లేదు. చెప్పులు మెట్ల కింద విడిచి, ఆవరణలో వేపచెట్టు కింద ముడుచుకుని నిలబడి ఉంది. బంట్రోతు అప్పటికే ఆమె పేరు రెండుసార్లు పిలిచేశాడు. మూడో పిలుపుకి నేనే పరుగెత్తి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

మా తాతయ్య గుర్తొచ్చారు. గట్టు తగాదా మీద మున్సిఫ్ కోర్టులో దావా వేశారాయన. వాయిదా ముందురోజు అమ్మమ్మ పంచెకు గంజి పెట్టి ఆరేసేది. తెల్లవారుజామున బస్సెక్కేవారు. కోర్టు మెట్ల దగ్గర చెప్పులు విడిచి, తలపాగా విప్పి, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకునేవారు. అలా చేయమని వకీలూ చెప్పలేదు, జడ్జీ చెప్పలేదు. జమీందారు దివాణంలో అలవాటైన మర్యాద అది. విచారణ రోజు కూడా అలాగే అందరికంటే వెనక, వరండా చివర నిలబడ్డారు. వకీలు ఇంకో కోర్టులో ఉన్నారు. పిలుపు తాతయ్యకు వినపడలేదు. దావా కొట్టేశారు. మళ్లీ తెరిపించుకోవడానికి నాలుగు నెలలు తిరిగారు. ఆ నాలుగు నెలలూ అదే గంజి పంచె, నడుముకు అదే కండువా. "నేనక్కడే ఉన్నాను తల్లీ" అని పోయేదాకా అంటూనే ఉన్నారు.

1893లో డర్బన్ కోర్టులో తలపాగా తీయమంటే గాంధీ తీయకుండా లేచి బయటికి వచ్చేశారు. మరుసటి ఏడు నాటాల్ సుప్రీంకోర్టులో వకీలుగా చేరినప్పుడు ప్రధాన న్యాయమూర్తి చెబితే తీశారు. వకీలుకు కోర్టు నియమం ఉంటుంది. ఇక్కడా నల్లకోటుకు, తెల్ల బ్యాండుకు అడ్వొకేట్ల చట్టం కింద నియమాలున్నాయి. వేసవిలో కింది కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదని ఆ నియమాల్లోనే ఉందని ప్రతి మే నెలలోనూ రాస్తూనే ఉన్నాను. కక్షిదారుకూ సాక్షికీ ఫలానా బట్టే కట్టాలని చట్టం చెప్పలేదు. ప్రభుత్వ అధికారులు తమ ఆఫీసు దుస్తుల నియమం తప్పితే తప్ప వాళ్ల బట్టల గురించి కోర్టులు వ్యాఖ్యానించొద్దని, విచారణ సాగినంతసేపూ వాళ్లను నిలబెట్టొద్దని 2024 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. అధికారికి దక్కిన ఆ మన్నన గంజి పంచెకు ఇంకా ముందే దక్కాల్సింది.

ఆ చిరుగుల ప్యాంటు కుర్రాడు పేరు పిలవగానే "ఉన్నానండీ" అని గట్టిగా పలికాడు. ఫోను ఆపి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. అడిగినదానికి జవాబు చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. కోర్టులో మనిషి నడుచుకోవాల్సిన తీరు అంతకంటే ఏముంది? నేను పెడదామనుకున్న పద్ధతిని అక్కడే వదిలేశాను.

సమన్లు అందుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఉతికిన బట్ట ఏదైనా చాలు. చెప్పులు విడవకండి, కండువా భుజం మీదే ఉండనివ్వండి. జడ్జి వచ్చినప్పుడు లేచి నిలబడండి. పిలుపు వినపడేంత దగ్గర్లో ఉండండి.

మా ఆమె సాక్ష్యం ఆ రోజు తీసుకోలేదు. వచ్చే నెలకు వాయిదా పడింది. ఈసారి గుమ్మం పక్కనే ఉంటానంది.