గచ్చు పనికి సాటి ఏది?

మే నెల మిట్టమధ్యాహ్నం చార్మినార్ చుట్టూ రోడ్లు పొగలు కక్కుతుంటే పక్కనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లండి. పచ్చిక, చెట్ల నీడ, పొడవాటి హౌజు, ఫౌంటెన్లు దాటి ఖిల్వత్ దర్బారు హాల్లోకి వెళ్లేసరికి ప్రాణం లేచొస్తుంది. అక్కడ అందరి ఫోన్లూ పైకి లేస్తాయి, 19 బెల్జియం షాండ్లియర్ల కోసం. నన్నడిగితే వాటిని వదిలేసి గోడలు చూడమంటాను. షాండ్లియర్లు డబ్బు పెడితే వచ్చినవి. గోడ మీద గచ్చు పని చేతిలోంచి వచ్చింది.

ప్యాలెస్ చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు, ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా పూర్తి చేశాడు. టెహ్రాన్‌లోని షా ప్యాలెస్ దీనికి నమూనా అంటారు.

ఇక అసలు సంగతి, గచ్చు తయారీ. సున్నపురాయిని కాల్చి, నీళ్లలో చల్లార్చి, ఇసుక కలిపి, గానుగలో వెన్నలా నూరితే డంగు సున్నం తయారవుతుంది. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తారు. గుడ్డు సొన, మినప్పప్పు కూడా వేసేవారట, ఒక్కో మేస్త్రీది ఒక్కో లెక్క. ముందు ముతక పూత, దాని మీద మెత్తటి పూతలు. పై పూత ఆరీ ఆరకముందే పూలూ తీగలూ చెక్కాలి. తొందరపడితే జారుతుంది, ఆలస్యమైతే పెచ్చు లేస్తుంది.

కమాను కింద నిలబడి ఒక్క ఆకును చూడండి. అంచు కింద లోతుగా తవ్వి వదిలారు. ఎండ వాలేకొద్దీ ఆ సందులో నీడ కదులుతుంది. రంగు లేకుండా నీడతోనే బొమ్మ గీశాడు మహానుభావుడు! అఫ్తాబ్ మహల్‌కి వెళ్తే యూరప్ తరహా స్తంభాలు. ఏ దేశపు నగిషీ అయినా మన సున్నంలో ఒదిగిపోయింది. తనివి తీరకపోతే సంతోష్‌నగర్ దగ్గర పైగా నవాబుల సమాధులకు వెళ్లండి, అక్కడి జాలీల ముందు నోట మాట రాదు. గైడు నవాబుల పేర్లన్నీ చెప్తాడు, మేస్త్రీ పేరు ఒక్కటీ చెప్పడు.

ఈ విద్యను మనం ఏం చేశాం? పాత గోడకు బీట పడితే సిమెంట్ మెత్తుతున్నాం. సున్నం గోడ తడిని బయటికి వదులుతుంది, సిమెంట్ దాన్ని లోపలే బంధిస్తుంది. నాలుగు వానలకి పాత గచ్చును కూడా వెంటబెట్టుకుని ఊడిపడుతుంది. ఇది మరమ్మతా, హత్యా? ఫంక్షన్ హాళ్లలో అచ్చుల్లో పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూలకు ‘హెరిటేజ్ లుక్’ అని పేరొకటి! వెయ్యి పూలున్నా అన్నిటిదీ ఒకటే మొహం.

చేయాలనుకుంటే సాధ్యమేనని చౌమహల్లాయే రుజువు. నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా పూనుకుని, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా సాయంతో బాగు చేయించింది. 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది.

మీ ఊళ్లో పాత గడీ, దేవిడీ, మండువా లోగిలి ఏదున్నా సిమెంట్ బస్తా విప్పే ముందు సున్నం తెలిసిన మేస్త్రీని వెతికి పిలవండి. కూలీ ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. పక్కన ఒక కుర్రాడిని నేర్చుకోవడానికి పెట్టమనండి.