ఏ బరువూ ఖాళీగా ఉండకూడదు

ఊసవానిపేట శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి చిన్న ఊరు. అక్కడి నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. అంతకు చాలా ముందే వీరఘట్టంలో మల్లయోధుడు కోడి రామమూర్తి పుట్టారు. పొరుగున విజయనగరం జిల్లా కొండవెలగాడ ఉంది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చారు. బలానికి ఇంత పేరున్న నేల మీద బడుల్లో, కాలేజీల్లో వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ జట్లు కట్టేటప్పుడు మనం చేసే పొరపాటు ఒకటుంది. ఒక్క మేటి లిఫ్టర్ దొరికితే చాలు, జట్టు తయారైపోయిందనుకుంటాం.

జట్టు లెక్క వేరు. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొదటి స్థానానికి 28 పాయింట్లు, రెండోదానికి 25, మూడోదానికి 23, నాలుగోదానికి 22. స్వర్ణానికీ రజతానికీ తేడా మూడే. మనిషిని దింపని విభాగానికి మాత్రం సున్నా. నాలుగో స్థానంలో నిలిచిన ఇద్దరు పిల్లలు 44 తెస్తారు. ఒంటరి విజేత తెచ్చేది 28. కుస్తీలో స్థానాల మధ్య దూరం ఎక్కువ: 25, 20, 15, 10. అక్కడ కూడా రెండు కాంస్యాలు ఒక స్వర్ణాన్ని దాటేస్తాయి. అందుకే మంచి కోచ్ ముందుగా చూసుకోవలసింది తన జాబితాలో ఏ బరువు ఖాళీగా ఉందన్నదే.

సిడ్నీలో మహిళలకు ఏడు విభాగాలుంటే ఒక్కో దేశం నలుగురికి మించి పంపకూడదన్నారు. చైనా 53, 63, 69, 75 పైన విభాగాలు ఎంచుకుంది. నలుగురూ స్వర్ణాలతో తిరిగొచ్చారు. ఎంచుకునే వీలు వాళ్లకు ఎక్కడిది? ఇంటి దగ్గర ప్రతి బరువుకూ మనుషులుండబట్టే. మల్లీశ్వరి విభాగంలో లిన్ వెయ్‌నింగ్, హంగరీ అమ్మాయి మార్కుష్ ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తారు. అప్పటి నిబంధన ప్రకారం, ఒంటి బరువు తక్కువ కాబట్టి స్వర్ణం లిన్‌కు దక్కింది. తూకం దగ్గరే ఫలితాలు తారుమారయ్యే రోజులవి.

మరి పిల్లల్ని ఎలా ఎంచాలి? ఇవాళ్టి ఒళ్లు చూసి తేల్చకూడదు. చిన్నప్పుడు బక్కపల్చగా ఉందని తనను పక్కన పెట్టారని మల్లీశ్వరే చెప్పారు. 1994, 95లలో ఆమె ప్రపంచ విజేత అయింది 54 కిలోల్లో. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతం 63 కిలోల్లో. సిడ్నీ నాటికి 69. ఒకే మనిషి ఆరేళ్లలో మూడు విభాగాలు మారింది. కాబట్టి ఎముక పుష్టి, భుజాల వంపు, చీలమండ ఎంత వంగుతుంది, అమ్మానాన్నల ఒడ్డూపొడవూ చూడాలి. పొట్టి చేతులవాళ్లకు బార్ ప్రయాణం తగ్గుతుంది. చేతులు పొడవైతే కుస్తీలో ప్రత్యర్థి కాలు అందుకోవడం సులువు. ఉద్దానంలో కొబ్బరి మోసిన పిల్లలకూ, భావనపాడు వైపు వల లాగిన పిల్లలకూ పట్టు ఇంట్లోనే వస్తుంది. దాన్ని తక్కువగా చూడొద్దు.

ఖాళీ విభాగాన్ని నింపడానికి ఎదిగే పిల్లను పస్తులుంచడం మాత్రం నేరం. పారిస్ ఒలింపిక్స్‌లో మల్లయోధురాలు వినేశ్ ఫోగట్‌కు ఏమైందో తెలుసు. ఆమె అలవాటైన 53 కిలోల చోటు అంతిమ్ పంఘాల్‌తో అప్పటికే నిండిపోయింది, 50కి దిగారు, 2024 ఆగస్టు 7 ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ చేజారింది. అంత అనుభవజ్ఞురాలికే అలా జరిగితే ఇంటర్ చదివే పిల్ల ఏమవుతుంది? నీళ్లు మానిపించి గెలిపించే కోచ్‌ను నేను కోచ్ అనను. పిల్లకు తగిన బరువులో ఆడించండి, కింది విభాగానికి మరో పిల్లను వెతకండి.

పలాస, టెక్కలి, హరిశ్చంద్రపురం పీఈటీ మాస్టార్లకు ఒక మనవి. బడి తెరవగానే ప్రతి పిల్లనూ, ప్రతి కుర్రాడినీ తూచి పేర్లు రాసుకోండి. లావుగా ఉందని ఆటలకు రానివ్వని అమ్మాయినీ, పుల్లలా ఉన్నాడని వెనక్కి నెట్టిన అబ్బాయినీ ముందు పిలవండి. మీ జట్టులో ఖాళీగా ఉన్నది వాళ్ల చోటే.