బాంగు వేళ చెంబుడు నీళ్లు

అనంతపురం పాతూరులో మా ఇంటికి నాలుగిళ్ల అవతల మసీదు. పొద్దు వాలి బాంగు వినపడగానే మా అమ్మ చంకన బిడ్డతో, చేతిలో చెంబుతో వీధిలోకి దిగేది. మేం ఐదుగురు పిల్లలం. ఐదుగురమూ ఆ మెట్ల దగ్గర ఊదించుకుని పెరిగినవాళ్లమే.

బిడ్డ నిద్రలో ఉలిక్కిపడినా, పాలు పట్టకుండా గుక్కపెట్టి ఏడ్చినా "జడుపు తగిలింది, మసీదు కాడ ఊదించుకోని రాపో" అనడం మా సీమలో ఇంటింటి మాట. పొద్దు వాలాక చేసే మగ్రిబ్ నమాజులో ఫర్జు, అంటే తప్పనిసరి భాగం, మూడు రకాతులే, ఎక్కువసేపు పట్టదు. అది ముగించుకుని బయటికొచ్చేవాళ్లు మెట్లకు అటూ ఇటూ నిలబడిన తల్లుల దగ్గర ఒక్కొక్కరే ఆగుతారు. పెదవులు కదులుతాయి. బిడ్డ ముఖం మీద ఊదుతారు, చెంబులో నీళ్ల మీద ఊదుతారు. ఇంటికెళ్లాక ఆ నీళ్లు బిడ్డ నోట్లో చెంచాడు పోసి, మిగిలినవాటితో ముఖం తుడిచేది అమ్మ. దీనికి పైసా అడిగినవాళ్లు లేరు. కులం అడిగినవాళ్లూ లేరు.

ఊదడం అందరిదీ ఒక తీరు కాదు. కుర్రవాళ్లు తొందరగా ఊదేసి చెప్పులు వేసుకుని పోతారు. పరుపులు కుట్టే దూదేకుల పెద్దాయన ఒకాయన ఉండేవారు. ముందు బిడ్డ తల మీద చెయ్యి పెట్టేవారు. నిదానంగా చదువుకుని, నిద్రపోయే బిడ్డ రెప్ప కూడా కదలనంత మెల్లగా ఊదేవారు. ఆయన వచ్చేదాకా అమ్మ కదిలేది కాదు.

"ఏమ్మా, బిడ్డ జడుసుకున్యాడా?"

"అవునన్నా, రాత్రంతా ఏడుస్తాండాడు."

"ఏం కాదులేమ్మా. ఒళ్లు కాలితే మాత్రం డాక్టరుకు సూపియ్యి. ఊదించినాం కదా అని ఊరికే ఉండద్దు."

ఆ చివరి మాట ఆయన ప్రతి తల్లికీ చెప్పేవారు. నాకు ఈ ఆచారం మీద గౌరవం నిలవడానికి అది పెద్ద కారణం.

వాళ్లు లోలోపల ఏం చదువుతారో చాలా ఏళ్లు నాకు తెలియదు. ఖురానును తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారు మా ఊరి దత్తమండల కళాశాలలో పాఠాలు చెప్పిన పండితుడే. అది తెలిశాక సిగ్గుపడి అడిగి తెలుసుకున్నాను. ఎక్కువమంది చదివేది ఏడు ఆయతుల ఫాతిహా, లేదంటే ఖురాన్‌లోని 114 సూరాల్లో చివరి రెండు, ఫలఖ్, నాస్. కమ్ముకొచ్చే చీకటి కీడు నుంచి, ఓర్వలేనివాడి కీడు నుంచి కాపాడమని దేవుణ్ని శరణు వేడేది ఫలఖ్. మా అమ్మ దిష్టి అన్నదీ, సందెచీకటికి బిడ్డను ఊరికే బయటికి తేవద్దన్నదీ ఆ భయాల గురించే. ప్రవక్త పడుకోబోయే ముందు ఈ సూరాలు చదివి, అరచేతుల్లో ఊదుకుని ఒళ్లంతా తడుముకునేవారని హదీసులు చెబుతాయి. డబ్బు తీసుకుని తాయెత్తులు కట్టేవాళ్లను మసీదు పెద్దలే తప్పుబడతారు. మెట్ల దగ్గర జరిగేది అది కాదు.

2020 మార్చిలో మసీదు తలుపులు మూతపడ్డాయి. జూన్ 8న తెరిచినా, ప్రార్థనా స్థలాల్లో ప్రసాదాలు పంచవద్దని, తీర్థం చల్లవద్దని కేంద్రం చెప్పింది. మనిషి ఊపిరి అంటేనే మనిషి బెదిరిన రోజులవి. పసిబిడ్డ ముఖం మీద పరాయివాళ్లు ఊదడం ఇక ఎవరు ఒప్పుకుంటారు? ఈ ఆచారం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను, చాలా బాధపడ్డాను. మందును మించిన నమ్మకమేదో ఆ మెట్ల మీద ఉండేది. కన్నబిడ్డను ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందుకు చాపి, నీ దేవుడికి నా బిడ్డ గురించి ఒక మాట చెప్పు అని అడగడం చిన్న సంగతి కాదు. ఏ సభలోనూ మత సామరస్యం గురించి నేను అంతకంటే గట్టి మాట వినలేదు.

అయిపోలేదు. మాస్కులు పోయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఒక ముసలమ్మ మనవరాలితో వచ్చి మెట్ల పక్కన నిలబడింది. వారం తిరిగేసరికి నలుగురయ్యారు. చెంబుల బదులు ఇప్పుడు ఎక్కువగా నీళ్ల సీసాలు, మూత తీసి పట్టుకుంటున్నారు.

పోయిన నెల బెంగళూరు నుంచి కోడలు వచ్చింది. ఉరుముకు బెదిరిన పసివాడు రెండు రాత్రులు నిద్రపోలేదు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. సాయంత్రం కోడలే అడిగింది, "మామయ్యా, మసీదుకు పోదామా?" అని. వెళ్లాం. ఏడుగురు ఊదారు. అయితే నిలబడడానికి చోటు దొరకలేదు. మెట్ల ముందంతా బండ్లు. బజారుకు వచ్చినవాళ్లు అక్కడే పెట్టి పోతున్నారు. బిడ్డను ఎత్తుకున్న తల్లులు రోడ్డు మీద, ఆటోల నడుమ నిలబడుతున్నారు.

మీ వీధిలోనూ మసీదు ఉంటే, ఒక్క మాట. బాంగు వేళ ఆ మెట్ల ముందు బండి పెట్టకండి. అరగంట ఆ నాలుగడుగుల చోటు బిడ్డల తల్లులకు వదలండి.