రెండు వేళ్ల మెలి

సంక్రాంతికి వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వరుసగా సెలవులిస్తారు. పత్తి బండ్లూ మిర్చి బస్తాలూ ఆ రోజుల్లో కనిపించవు. చుట్టుపక్కల వాడల్లో మాత్రం పని అంతకుముందే ఊపందుకుంటుంది. ఇంటింటా బియ్యం నానుతుంటాయి, గిర్నీల ముందు తడిబియ్యం గిన్నెలు వరుసకడతాయి. అవి బియ్యప్పిండితో చుట్టి వేయించే సకినాల రోజులు.

ఇప్పుడు మన పిల్లలు వీడియోలు చూసి, బియ్యంతోనే చేసే సుషీని ఇంట్లో చేయాలని సరదా పడుతున్నారు. మంచిదే. అందులోనూ చేపకన్నా ముందు అన్నమే నేర్చుకోవాలి. పొట్టిగింజ బియ్యం వండి, వేడి మీదే వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపి, విసురుతూ చల్లార్చి, తడిచేత్తో ముద్ద కట్టాలి. అయితే అక్కడ అన్నం తన జిగురుతో తానే అంటుకుంటుంది. సకినానికి ఆ సాయం లేదు. పచ్చి బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. అలాంటి పిండిని సన్నగా చుట్టి, నూనెలో విరగకుండా నిలబెట్టడం నా లెక్కలో సుషీకన్నా గట్టి విద్య.

కొత్త బియ్యమైతే మేలంటారు. బాగా నానాక నీళ్లు వడకట్టి, తడి ఆరకముందే పట్టించి, జల్లించాలి. నువ్వులు, ఓమ, ఉప్పు కలపాలి. ఇక నీళ్ల దగ్గరే మొదటి పరీక్ష. కొలత చెప్పమంటే ఎవరూ చెప్పరు. "ఇంకింత చిలకరియ్యి బిడ్డా" అంటారు, అంతే. నీళ్లు తగ్గితే తీగ తెగుతుంది, ఎక్కువైతే గుడ్డ మీద చతికిలబడుతుంది.

నేల మీద పాత నూలు ధోతి పరుస్తారు. కొన్ని ఇళ్లలో ముందు పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతారు. ఆ తర్వాత చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల చేతులు చూడాలి. అరచేతిలో చిన్న పిండిముద్ద ఉంటుంది. వెనక వేళ్లు దాన్ని కొద్దికొద్దిగా ముందుకు తోస్తుంటే, బొటనవేలూ చూపుడువేలూ నొక్కి, మెలితిప్పి, గుడ్డ మీదికి వదులుతాయి. ఈ మూడు పనులకూ మధ్య ఎడం కనిపించదు. ముందు చిన్న సున్నా, దాని చుట్టూ ఇంకో చుట్టు, ఆపైన ఇంకోటి. మెలి వల్ల పిండి బిగుస్తుంది, తీగ మీద ఏటవాలు గీతలు పడతాయి. ఒక చుట్టు పక్క చుట్టును తాకీ తాకనట్టుండాలి. దూరమైతే లేపేటప్పుడు విడిపోతాయి, మరీ ఒత్తుకుంటే సందుల్లోకి నూనె చేరదు. చేయి తిరిగిన మనిషి ఇవన్నీ పక్కింటి సంగతులు మాట్లాడుతూనే చేస్తుంది. అచ్చులో ఒత్తితే గుండ్రంగా వస్తుంది కానీ, అది మురుకు జాతిది.

గుడ్డ నూలుదే ఎందుకంటే అది పిండిలోని తడిని పీలుస్తుంది. కాసేపటికి సకినం లేపడానికి వీలుగా గట్టిపడుతుంది. తడి మిగిలితే నూనెలో పేలే భయం, మరీ ఆరితే చేతిలోనే పగులుతుంది. కాగిన నూనెలోకి అంచు నుంచి జార్చి, సన్నని పుల్లతో తిప్పి, బుడగలు తగ్గాక తీయాలి. ఎర్రబడనివ్వకూడదు. మంచి సకినం లేత రంగులోనే ఉండి, కొరికితే పుటుక్కుమనాలి.

పండక్కి బిడ్డ అత్తారింటికి పంపే సారెలో ఇవి తప్పవు. వియ్యపురాలు వాటి గుండ్రం చూసి పుట్టింటివాళ్లను తూకం వేస్తుందని మన పెద్దలకు లోలోపల భయం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ భయం పెట్టుకోవద్దు. పండగ దాకా ఆగకుండా, గ్లాసెడు బియ్యంతో మొదలుపెట్టండి. ముందు తెగని తీగ రావాలి, గుండ్రం సంగతి తర్వాత. వాడలో సకినాలు చుడుతున్నారని తెలిస్తే వెళ్లి పక్కన కూర్చోండి, ఇంకో రెండు చేతులొస్తే ఎవరూ వద్దనరు.