మానవ జన్యుపటం - యునెస్కో ప్రకటన : ఒక పరిశీలన

మానవ జన్యుపటాన్ని తయారుచేసే బృహత్కార్యం 1990లో ఆరంభమైంది. 2003లో ముగిసిందని ప్రకటించారు గాని, మిగిలిపోయిన సుమారు 8 శాతం భాగం పూర్తయింది 2022లోనే. ఆ పని సాగుతుండగానే, 1997 నవంబరు 11న, యునెస్కో మహాసభ మానవ జన్యుసంపదను గూర్చి ఒక విశ్వప్రకటనను ఆమోదించింది. 25 అధికరణాల ఈ చిన్న పత్రం మెచ్చదగినదే. మనిషిని అతని జన్యులక్షణాలకు కుదించరాదని చెప్పింది. పరీక్షా ఫలితం తెలుసుకోకుండా ఉండే హక్కునూ గుర్తించింది. అయితే ధర్మశాస్త్రం ఎరిగిన పాఠకుడు కొన్ని మాటల దగ్గర ఆగక తప్పదు.

మొదటి అధికరణం జన్యుసంపదను ప్రతీకాత్మకంగా మానవాళి వారసత్వమని అంటుంది. తొలి చిత్తుప్రతుల్లో ఇది ఉమ్మడి వారసత్వం. చర్చల్లో ఆ మాట పలచబడింది. నిజానికి వారసత్వమనే పదమే ఇక్కడ ఇమడదు. షరీఅత్‌లో వారసుడు తన వాటాకు యజమాని, దాన్ని అమ్ముకోనూవచ్చు. శరీరం అలాంటి ఆస్తి కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. అమానత్ పుచ్చుకున్నవాడు దాన్ని కాపాడాలి, లెక్క చెప్పాలి.

జన్యుసంపద "సహజ స్థితిలో" ఆర్థిక లాభానికి ఆధారం కారాదని నాల్గవ అధికరణం. ఈ రెండు మాటలే తలుపు సందు. అమెరికాలో మిరియడ్ కంపెనీ రొమ్ము క్యాన్సరుకు సంబంధించిన రెండు జన్యువులపై పేటెంట్లు పొంది, శరీరం నుంచి వేరుచేసిన జన్యువు ప్రకృతిలోనిది కాదని వాదించింది. 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. కాని ప్రయోగశాలలో తయారుచేసిన ప్రతికి పేటెంటు ఇవ్వవచ్చునన్నది. సందు ఇరుకైందే గాని మూతపడలేదు.

అన్నిటికంటే బరువైనది అంగీకారం సంగతి. గ్రాండ్ కాన్యన్ లోయలో నివసించే హవాసుపాయ్ తెగవారు 1990 నుంచి మధుమేహ పరిశోధనకని నమ్మి రక్తమిచ్చారు. ఆ రక్తంతోనే మనోవ్యాధిని గూర్చి, తమ పూర్వుల వలసను గూర్చి కూడా పరిశోధనలు జరిగాయని 2003లో వారికి తెలిసింది. ఆ లోయే తమ పుట్టుకచోటని వారి విశ్వాసం. 2010లో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయ పాలకమండలి తెగలోని 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకున్నది.

సంతకాలు లేకపోలేదు. ఆ పత్రంలోని మాటలు చాలా విశాలమైనవి. సంతకం చేసినవారికి అర్థమైంది మాత్రం మధుమేహమే. పైన పొడి ధాన్యం ఉంచి లోపల తడి దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వర్తకుడు నోటితో అబద్ధమేమీ ఆడలేదు!

పైగా ఒకరి రక్తం అతని అన్నదమ్ములను గూర్చీ, పిల్లలను గూర్చీ చెబుతుంది. తెగ అంతటికీ చెందిన సమాచారానికి విడివిడి సంతకాలు ఎంతవరకు చాలుతాయి? అంగీకారాన్ని గూర్చిన ఐదవ అధికరణం సంబంధిత వ్యక్తిని మాత్రమే అడగమంటుంది. అతని ఇంటివారి దాకా, తెగ దాకా రాదు.