తువ్వాలు మీద నీళ్ళు

డిసెంబర్ 5 ప్రపంచ నేల దినోత్సవం. ఈ వారం నా ఫోనులో వచ్చిపడ్డ ‘నేలతల్లి’ బొమ్మల సంగతి వదిలేద్దాం. నాకు చిరాకు తెప్పించింది ఏటా వాటి వెనకాలే వచ్చే అమెరికా కథ. 1935 వసంతం. వాషింగ్టన్‌లో సెనేట్ కమిటీ ముందు హ్యూ హామండ్ బెనెట్ అనే అధికారి భూమి కోత గురించి చెబుతున్నాడు. సభ్యులు ఆవలిస్తున్నారు. పడమటి మైదానాల్లో లేచిన దుమ్ము రాజధాని దారి పట్టిందని ఆయనకు ముందే కబురు అందింది. అందుకే లెక్క మీద లెక్క చదువుతూ సాగదీశాడు. చివరికి కిటికీ అవతల పట్టపగలే చీకటి కమ్మింది. నేను చెబుతున్నది ఇదిగో దీని గురించేనని ఆయన చెయ్యి చూపించాడట. ఏప్రిల్ 27న భూసంరక్షణ చట్టం వచ్చేసింది. శుభం కార్డు.

ఫార్వర్డు చేసేవాళ్ళు దీన్ని ఏప్రిల్ 14 నాటి ‘బ్లాక్ సండే’తో కలిపి వండేస్తారు. ఆ దుమ్ము ముంచింది ఓక్లహోమా, టెక్సస్ ప్రాంతాలను. సరే, తేదీ పోతే పోయింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగాన్ని ఒక్క మధ్యాహ్నంలో కుక్కేస్తే మిగతా చాకిరీ అంతా ఏమైనట్టు?

నాకిష్టమైన బెనెట్ 1905 నాటివాడు. ఉత్తర కరొలైనాలో పత్తి పండించే ఇంట్లో పుట్టాడు. చాపెల్ హిల్‌లో చదువు ముగించుకుని 1903లో మట్టి సర్వేలో చేరాడు. 1905లో వర్జీనియాలోని లూయిసా కౌంటీ పొలాలు ఎందుకు చచ్చుబడ్డాయో చూడమని పంపారు. మెక్లెండన్ అనే సహోద్యోగితో కలిసి తిరుగుతూ ఒకచోట ఆగాడు. వాలు ఒకటే, నేల రకమూ ఒకటే. ఇటు అడవి, అటు ఏళ్ళ తరబడి దున్నిన చేను. అడవి మట్టి గుల్లగా, తడిగా, చేత్తో తవ్వినా వచ్చేలా ఉంది. చేనులో పైమట్టే లేదు. మిగిలింది రాయిలా బిగుసుకున్న బంకమట్టి. వాగు కోసిన జాడ లేదు, గండి లేదు. వాన వానకీ పల్చని పొర ఒకటి, దున్నుకునేవాడి కంట కూడా పడకుండా, కిందికి జారిపోయింది. ఆయన జీవితమంతా ఆ పొర వెంట పడ్డాడు.

ఇక ఆఫీసు సంగతి చూడండి. మట్టి సర్వే సంస్థకు పెద్ద మిల్టన్ విట్నీ. నేల ఎంత వాడినా తరగని ఆస్తి అని 1909లో ఆ సంస్థే అచ్చేసి మరీ చెప్పింది. పైవాడు తరగదన్నదాన్ని తరుగుతోందని కిందివాడు రుజువు చెయ్యాలి! బెనెట్ ఉద్యోగం మానలేదు, నోరూ మూసుకోలేదు. సర్వేలు చేశాడు, క్యూబా వెళ్ళి అక్కడి నేలలు చూశాడు, వ్యాసాలు రాశాడు. 1927లో విట్నీ పోయాడు. 1928లో బెనెట్, చాప్లైన్ కలిసి రాసిన సర్క్యులర్ 33 వచ్చింది, నేలకోత దేశానికే ముప్పు అంటూ. ఈ రెండేళ్ళకూ సంబంధం ఉందో లేదో, సర్కారు కొలువు చేసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

బెనెట్ ఉత్తరాలు, కాగితాలు ఆయన చదువుకున్న చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలోనే భద్రంగా ఉన్నాయి. ఇక్కడ నా పాత పాట ఎత్తుకోక తప్పదు. మన దగ్గర రిటైరైన అధికారి కాగితాలు ఎక్కడికి పోతాయి? రాయలసీమలో భూసంరక్షణ విభాగంలో పనిచేసిన ఒక పెద్దాయన నాకు తెలుసు. ఇల్లు మారుతూ ఫీల్డు పుస్తకాలు పాత పేపర్లవాడికి తూకానికి వేస్తుంటే కొన్ని అడిగి తెచ్చుకున్నాను. చెమటకు అట్టలు మెత్తబడి ఉన్నాయి. ఎడమ పేజీల్లో లెవెల్ రీడింగులు. కుడి పేజీల్లో పెన్సిల్‌తో రైతుల మాటలు.

లెవెల్ పెట్టి సమమట్టం గీత లాగితే అది నేల వాటాన్ని బట్టి వంకర్లు పోతుంది. రైతు పొలం హద్దులు వంకర్లు పోవు. మట్టి కొట్టుకుపోకుండా ఆ గీత మీద కట్ట పోస్తే ఎవరో ఒకరి చేను ఐమూలగా తెగుతుంది. ఒక పేజీలో ఇలా ఉంది: “మడక మలుపుకోను జాగా లేదు సార్. ఈ మూల తుండు నేనేం జేసుకోవాల?” కింద పెద్దాయన రాసుకున్నది ఒక్కటే మాట: నిజమే.

ఇంకో పుస్తకమంతా నల్లరేగడి గొడవే. రేగడి నీటిని త్వరగా ఇంకించుకోదు. సమమట్టం కట్ట వెనకాల నీళ్ళు నిలిచి జొన్న పసుపెక్కింది. ఎండాకాలం వచ్చేసరికి కట్టే నెర్రెలు విచ్చింది. తొలకరికి ఆ నెర్రెల్లోంచే గండి. ఎర్రనేలలో పనికొచ్చే కట్ట రేగడిలో నిలవదు. అక్కడ కట్టకు కాస్త వాటం ఇచ్చి, ఎక్కువైన నీళ్ళు గడ్డి పెంచిన కాలువలోకి మెల్లగా దిగేలా చెయ్యాలి. బళ్లారి పరిశోధన కేంద్రంలో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో తేల్చిందీ ఇదే. కుడి పేజీలో ఓ రైతు అదే మాట అనేశాడు: “నీళ్ళు పోయే దోవ ఇడిసిపెట్టు సార్.” పెద్దాయన ఇదంతా పైకి రాశాడు. ఎన్ని ఎకరాలు పూర్తయిందో తెలపాలని జవాబొచ్చింది. కొన్నాళ్ళకు ఆ కట్టల్ని రైతులే దున్నేసుకున్నారు. అటు తుంగభద్ర జలాశయం 1953లో 132 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 చిల్లర. ఆ తేడా అంతా పూడికే. ఎగువ నేలల పైమట్టి వచ్చి కూర్చున్నది అక్కడే.

కాగితమే గొప్పది, నాటకం దండగ అని రాసి ఈ వారానికి చేతులు దులుపుకోవచ్చు. బెనెట్ దులుపుకోనివ్వడం లేదు. ఆయన గురించి చెప్పుకునే ఇంకో ముచ్చట ఉంది. కమిటీ గదిలో బల్ల మీద మందపాటి తువ్వాలు పరిచి కూజాలోంచి నీళ్ళు పోశాడట. తువ్వాలు తాగేసింది. దాన్ని తీసేసి నున్నటి బల్ల మీద మళ్ళీ పోశాడు. నీళ్ళు అంచు దాటి కింద తివాచీ మీద పడ్డాయి. లూయిసాలో చూసిన అడవీ, చేనూ ఆ బల్ల మీద ఉన్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా రాసిన రిపోర్టులు చేరని చోటికి ఆ కూజాడు నీళ్ళు చేరాయి. 1929లో నేలకోత పరిశోధనకు 1,60,000 డాలర్లు మంజూరయ్యాయి. 1935లో చట్టం, దాంతోపాటు భూసంరక్షణ సంస్థ, దానికి ఆయనే తొలి అధిపతి. 1937లో రైతులే నడుపుకునే తొలి సంరక్షణ జిల్లా ఆయన పుట్టిన ఆన్సన్ కౌంటీలోనే, బ్రౌన్ క్రీక్ పేరుతో ఏర్పడింది. కూజా, దుమ్ము లేకపోతే చాపెల్ హిల్ వాళ్ళు ఓ సర్వే ఉద్యోగి కాగితాలు అడిగి పుచ్చుకునేవాళ్ళంటే నేను నమ్మను. అవీ తూకానికే పోయేవి.

మొన్న పెద్దాయనకు ఫోన్ చేసి తువ్వాలు సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. మిమ్మల్ని ఎప్పుడూ ఏ మీటింగుకూ పిలవలేదా అని అడిగాను.

“ఒకసారి పిలిచినారు సార్. పెద్ద మీటింగే. ప్రగతి నివేదిక చదవమంటే ఎకరాలు చదివి కూర్చున్యా. రేగడి సంగతి చెబుదామని కాగితం జోబులో పెట్టుకునే పోయినా.”

“మరి?”

“అజెండాలో లేదు గదా సార్.”